ఒకే ధరకు రెండు కార్లు: బెంగళూరులో లగ్జరీ ఈవీ కొనేముందు వేసుకోవాల్సిన పన్ను లెక్క

దీపావళికి అక్కావాళ్ల ఇంటికి వెళ్తే, బావ డైనింగ్ టేబుల్ మీద రెండు కొటేషన్లు పరిచి కూర్చున్నాడు. ఒకటి ఎలక్ట్రిక్, ఒకటి పెట్రోల్. రెండిటి ఎక్స్-షోరూమ్ ధర (రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు కలపకముందు ధర) 49 లక్షల దగ్గరే ఉంది.

"ఏమప్పా, ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ ఐదు శాతం అంటారు, పెట్రోల్ బండికి నలభై అంటారు. మరి రెండూ ఒకే రేటు ఎట్లయితాయి? ఆ ముప్పై ఐదు శాతం యాడికి పోయింది?"

బావది జిగణిలో గ్రానైట్ యూనిట్, ఇల్లు బెళ్లందూరులో. రాయిని చూసి అడుగు ఎంత పలుకుతుందో చెప్పే మనిషి, సరైన చోటే వేలు పెట్టాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వేసిన లెక్కే ఈ వ్యాసం. 25 లక్షల నుంచి 70 లక్షల మధ్య బండి కోసం చూస్తున్న మన తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులోని రేట్లన్నీ 2025 చివరినాటివి. బుకింగ్ రోజున రేటు మారి ఉండొచ్చు కాబట్టి ఆ రోజు మళ్లీ అడగండి.

ముప్పై ఐదు శాతం ఎక్కడికి పోయింది?

ఎలక్ట్రిక్ వాహనాల (ఈవీల) మీద జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మొత్తం మార్చినప్పుడు కూడా ఆ 5 శాతాన్ని కదపలేదు. పెద్ద పెట్రోల్, డీజిల్ కార్లకు అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు ఉండేవి. పెద్ద ఎస్‌యూవీకి రెండూ కలిపి 50 శాతం దాకా పడేది. ఇప్పుడు సెస్సు లేదు, నేరుగా 40 శాతం.

49 లక్షల పెట్రోల్ బండిలో బండి విలువ 35 లక్షలు, జీఎస్టీ 14 లక్షలు. 49 లక్షల ఈవీలో బండి విలువ 46 లక్షల 67 వేలు, జీఎస్టీ 2 లక్షల 33 వేలు. అంటే మనం ఇచ్చే డబ్బు ఒకటే అయినా ఈవీ కంపెనీకి దాదాపు 11 లక్షల 67 వేలు ఎక్కువ ముడుతుంది. బ్యాటరీ ఖర్చు అందులోంచే వస్తుంది. ఇది తెలిశాక బావ ముందు నిరాశపడ్డాడు, తర్వాత కుదుటపడ్డాడు. ప్రభుత్వం వదులుకున్న పన్ను మన చేతికి నోట్ల కట్టగా రాదు. ఆ రాయితీయే లేకపోతే 60 లక్షలు దాటే బండి 49 లక్షలకు వస్తుంది, అంతే. బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్‌ను 2025 జనవరిలో 49 లక్షలకు, పెట్రోల్ ఎక్స్1 ధరకు దగ్గరగా పెట్టి అమ్మగలగడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఈ 5 శాతం జీఎస్టీ, రెండోది ఆ బండి చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో తయారవడం.

అందుకే షోరూమ్‌లో "సార్, దీని మీద ట్యాక్స్ బెనిఫిట్ ఉంది" అంటే దాన్ని డిస్కౌంటుగా లెక్కేసుకోకండి. అది ధరలో ఇప్పటికే కలిసిపోయింది. దాన్ని ఇంకోసారి లాభంగా కలుపుకుంటే మనకు తెలియకుండానే ఒక మెట్టు పైబండి వైపు జరుగుతాం. నేను చూసిన చాలామంది విషయంలో జరిగింది ఇదే. 35 లక్షల బడ్జెట్‌తో బయల్దేరి, రాయితీ ఉంది కదా అని 50 లక్షల బండి బుక్ చేసి వస్తారు. రాయితీ మొత్తం బండి సైజులోకే పోతుంది, ఈఎంఐ మాత్రం పెరుగుతుంది.

సెప్టెంబర్‌లో వచ్చిన మార్పు పెట్రోల్ వైపే కొంచెం మొగ్గింది. 35 లక్షల విలువున్న పెద్ద పెట్రోల్ ఎస్‌యూవీ పాత లెక్కలో 52 లక్షల 50 వేలు పడేది, ఇప్పుడు 49 లక్షలు. ఈవీ ధరలో అలాంటి తగ్గుదల రావడానికి చోటు లేదు. పన్ను తేడా 45 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. 2024లో ఎవరో వేసి పెట్టిన "ఈవీయే చవక" లెక్కను ఇప్పుడు అలాగే నమ్మకూడదు.

కర్ణాటకలో 25 లక్షల గీత

ఇది బెంగళూరువాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన భాగం. ఎందుకంటే హైదరాబాద్‌లోని మీ తమ్ముడు చెప్పే ఆన్-రోడ్ ధర ఇక్కడ పనిచేయదు.

కర్ణాటక చాలా ఏళ్లు ఈవీలకు లైఫ్ టైమ్ ట్యాక్స్, అంటే రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్, పూర్తిగా వదిలేసింది. 2024లో చట్టం మార్చి, 25 లక్షలు దాటిన ఈవీలకు 10 శాతం వేసింది. ఆ గీత లోపల ఉన్నవాటిని ఆ మార్పు తాకలేదు. 20 లక్షలు దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు 18 శాతం, దాని మీద సెస్సు.

మన 49 లక్షల జంటకు ఇది వేసి చూద్దాం. ఈవీకి 4 లక్షల 90 వేలు. పెట్రోల్‌కు సెస్సు కలపకుండా 8 లక్షల 82 వేలు. తేడా 3 లక్షల 92 వేలు. ఇది మాత్రం నిజంగా మన జేబులో మిగిలే డబ్బు, ఎందుకంటే ఎక్స్-షోరూమ్ సమానంగా ఉన్నా ఆన్-రోడ్‌లో తగ్గింది.

అయితే ఆ 25 లక్షల గీత దగ్గర ఒక గొయ్యి ఉంది. పన్ను గీత దాటిన భాగానికి కాదు, మొత్తం ధరకు పడుతుంది. మహీంద్రా బీఈ 6 ధరలు 2025 ఆరంభంలో ప్రకటించినప్పుడు ప్యాక్ త్రీ సెలెక్ట్ 24 లక్షల 50 వేలు, పెద్ద బ్యాటరీ ప్యాక్ త్రీ 26 లక్షల 90 వేలు. కాగితం మీద తేడా 2 లక్షల 40 వేలు. 2025 చివరినాటి రేట్లతో బెంగళూరులో మొదటిదానికి లైఫ్ టైమ్ ట్యాక్స్ లేదు, రెండోదానికి 2 లక్షల 69 వేలు. కాబట్టి అసలు తేడా 5 లక్షల 9 వేలు. ఆ పెద్ద బ్యాటరీ మీకు 5 లక్షల విలువ చేస్తుందా అని ప్రశ్నించుకోవాలి కానీ, రెండున్నర లక్షలు చేస్తుందా అని కాదు. నెలకోసారి మాత్రమే ఊరు దాటేవాళ్లకు నా సలహా గీత లోపలి బండే. అదే ఎక్స్ఈవీ 9ఈ అయితే ప్యాక్ టూ 24 లక్షల 90 వేలు, తర్వాతి మెట్టు 27 లక్షల 90 వేలు. అక్కడ కూడా ఇదే కథ.

పోలిక కోసం చూడండి: కేంద్రం ఇచ్చే జీఎస్టీ రాయితీకి పైగీత ఏదీ లేదు. కోటిన్నర ఈవీకి కూడా 5 శాతమే. అదే విలువున్న పెట్రోల్ బండితో పోలిస్తే దాని మీద వదులుకునే పన్ను సరిగ్గా 50 లక్షలు. అమెరికాలో ఈవీ కొన్నవాళ్లకు 7,500 డాలర్ల పన్ను క్రెడిట్ ఉన్న రోజుల్లో కారు ధరకూ కొనేవాడి ఆదాయానికీ పరిమితులు ఉండేవి. ఆ క్రెడిట్ కూడా 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది. నార్వే 2023లో ఈవీ ధరలో 5 లక్షల క్రోనర్లు దాటిన భాగానికి వ్యాట్ వేయడం మొదలుపెట్టింది. నా మటుకు నాకు, 15 లక్షల బండి కొనే టీచరుకు అందే రాయితీ కన్నా కోటిన్నర బండి కొనేవాడికి ఎన్నో రెట్లు ఎక్కువ అందడం సరిగ్గా అనిపించదు. కర్ణాటక గీత గీయడం మంచి పనే. కాకపోతే నార్వే లాగా దాటిన భాగానికే వేసి ఉంటే ఆ గొయ్యి ఉండేది కాదు.

హైదరాబాద్ నంబరు వేయిద్దామా?

బావ మనసులో ఇది ముందే ఉంది. తెలంగాణ 2024 నవంబర్‌లో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ చేసింది, 2026 డిసెంబర్ 31 వరకు. "మా చిన్నాన్న ఇల్లు కూకట్‌పల్లిలోనే ఉంది కదా, ఆ అడ్రస్ పెడితే అయిదు లక్షలు మిగుల్తాయి" అన్నాడు.

వద్దని గట్టిగా చెప్పాను. బండి ఎక్కడ తిరుగుతుందో అక్కడ పన్ను కట్టాలి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక రవాణా శాఖ ప్రత్యేకంగా డ్రైవ్ పెట్టి, వేరే రాష్ట్రాల నంబర్లతో బెంగళూరులో తిరుగుతున్న ఖరీదైన కార్లను పట్టుకుంది. ప్రతి టోల్ దగ్గర ఫాస్టాగ్ రికార్డు ఉంటుంది. పిల్లల్ని స్కూల్లో దింపడానికి వెళ్లినప్పుడల్లా ఆ టెన్షన్ ఎందుకు? అక్క లోపలి నుంచి "ఆ బండిలో నేనెక్కను" అంది, అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

నిజంగానే రెండు మూడేళ్లలో హైదరాబాద్‌కో అనంతపురానికో శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ కట్టిన లైఫ్ టైమ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి తగ్గ భాగం, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇక్కడి ఆర్టీవో ఇచ్చే పత్రం) తీసుకుని వెళ్లాక వెనక్కి అడగొచ్చు. తిరగాల్సిన పని ఉంటుంది, కానీ హక్కు ఉంది.

లేని రాయితీని నమ్మకండి

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పోయినేడాది నేను ఒక షోరూమ్‌కు వెళ్తే, అక్కడి సేల్స్ కుర్రాడు "లోన్ వడ్డీ మీద ఏడాదికి లక్షన్నర డిడక్షన్ వస్తుంది సార్" అని కొటేషన్ వెనక రాసి మరీ ఇచ్చాడు. నేను నమ్మి ఇంట్లో చెప్పాను. మా ఆడిటర్ చూసి కొట్టిపారేశారు. ఆదాయపు పన్ను చట్టంలోని ఆ 80ఈఈబీ డిడక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే. అప్పుడు తీసుకున్నవాళ్లకు ఇప్పటికీ నడుస్తుంది, కొత్తగా కొనేవాళ్లకు లేదు. దాన్ని కలుపుకుని బడ్జెట్ వేసుకుని ఉంటే ఏటా చాలా తేడా కొట్టేది.

ఈవీల కోసం కేంద్రం పెట్టిన ఫేమ్-2, పీఎం ఇ-డ్రైవ్ సబ్సిడీలు కూడా సొంత వాడకానికి కొనే కారుకు లేవు. పది లక్షలు దాటిన బండి మీద వసూలు చేసే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) రెండు రకాల బండ్లకూ ఉంటుంది. మన 49 లక్షలకు అది దాదాపు 49 వేలు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు మన పన్నులో సర్దుబాటు అవుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో ఈవీకి 15 శాతం తగ్గింపు ఉంది. 65 కిలోవాట్లు దాటిన ఈవీకి 6,712 రూపాయలు, 1500 సీసీ దాటిన పెట్రోల్‌కు 7,897. తేడా వెయ్యి చిల్లర, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టానికి కట్టేది) మాత్రం రెండు బండ్లకూ విడివిడిగా రాయించుకోండి. అసలు మొత్తం అక్కడుంటుంది.

వ్యాపారం పేరు మీద కొంటే

బావ లాంటివాళ్లకు అసలైన తేడా ఇక్కడే. ఆదాయపు పన్నులో మామూలు కారుకు ఏడాదికి 15 శాతం తరుగుదల (బండి విలువ తగ్గినందుకు వేసుకునే ఖర్చు) చూపించవచ్చు. ఎలక్ట్రిక్ బండికి 40 శాతం. ఏడాదిలో 180 రోజులకు తక్కువ వాడితే ఆ ఏడాది అందులో సగమే. అందుకే మార్చిలో కొనడానికీ ఆగస్టులో కొనడానికీ తేడా ఉంది.

49 లక్షల మీద మొదటి ఏడాది ఈవీకి 19 లక్షల 60 వేలు, పెట్రోల్‌కు 7 లక్షల 35 వేలు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి పన్ను ఆదా వరుసగా 5 లక్షల 88 వేలు, 2 లక్షల 20 వేలు. తేడా మూడున్నర లక్షల పైనే, అదీ మొదటి ఏడాదే. బావ కళ్లు మెరిశాయి.

కానీ ఇది ముందుగా వచ్చే డబ్బే తప్ప మొత్తంగా అదనంగా వచ్చే డబ్బు కాదు. ముందు ఎక్కువ తరుగు చూపిస్తే తర్వాతి ఏళ్లలో చూపించడానికి తక్కువ మిగులుతుంది. బండి అమ్మినప్పుడు వచ్చిన ధర ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఇంటి పనులకు వాడిన మేరకు ఆడిటర్ కోత పెట్టాలి. ఆదివారం తిరుపతి ప్రయాణం గ్రానైట్ వ్యాపారం కిందికి రాదు. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) మీద ఆశ పెట్టుకోకండి, మామూలు వ్యాపారికి ఇలాంటి కార్ల మీద అది దొరకదు, ఈవీ అయినా పెట్రోల్ అయినా. పెట్రోల్ బండిలో పోయేది 14 లక్షలు, ఈవీలో పోయేది 2 లక్షల 33 వేలు. కానీ రెండిటికీ ఇచ్చేది అదే 49 లక్షలు కాబట్టి, ఆ రకంగా వ్యాపారి లెక్కలో తేడా ఏమీ రాదు.

జీతగాళ్లకు ఈ తరుగుదల లేదు. కంపెనీ కార్ లీజ్ ఇస్తుంటే అది చూడండి. లీజ్ అద్దె జీతంలోంచి పన్నుకు ముందే పోతుంది, మన ఆదాయంలో కలిపేది ఒక చిన్న స్థిర మొత్తం. ఇది పెట్రోల్‌కూ వస్తుంది. కాకపోతే లీజ్ అద్దె మీద జీఎస్టీ ఆ బండి రేటుతోనే పడుతుంది కాబట్టి ఈవీ అద్దె తేలికవుతుంది. ఉద్యోగం మారితే బండి ఏమవుతుందో హెచ్ఆర్‌తో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే సంతకం చేయండి.

ఎక్కడ తయారైందో కూడా చూడండి

టెస్లా మోడల్ వై 2025 జులైలో 59 లక్షల 89 వేలకు మన దేశానికి వచ్చింది. అమెరికాలో దాని ధర మన రూపాయల్లో 40 లక్షల లోపే. పూర్తిగా తయారైన బండిని ఓడలో దింపితే దిగుమతి సుంకం పడుతుంది, ఆ సుంకం కలిసిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ, దాని మీద మన 10 శాతం లైఫ్ టైమ్ ట్యాక్స్. ఒక చేత్తో ఇచ్చిన రాయితీని సుంకం రూపంలో ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

వోల్వో మన బెంగళూరు పక్కనే, హొసకోటెలో బిగిస్తుంది. అక్కడి నుంచి వచ్చే ఈఎక్స్30 41 లక్షలకు దిగింది. 49 లక్షల ఐఎక్స్1 చెన్నైది. భాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించే బండి మీద సుంకం చాలా తక్కువ కాబట్టి, మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం బండికే పోతుంది. 40 నుంచి 60 లక్షల మధ్య ఎంచుకునేటప్పుడు నేను ముందుగా ఇలాంటి బండ్లనే చూడమంటాను.

ఇంట్లో చార్జింగ్ కుదరనివాళ్లు బలమైన హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజనూ బ్యాటరీ మోటారూ రెండూ ఉన్న బండి) చూస్తారు. దానికి జీఎస్టీ పెట్రోల్ లాగే 40 శాతం, ఇదివరకు 43. పన్ను రాయితీ లేదని దాన్ని పక్కన పెట్టేయకండి. బిడదిలో తయారయ్యే టొయోటా క్యామ్రీ లాంటిది రోజూ ట్రాఫిక్‌లో నిలబడేవాళ్లకు ఇంధనం బాగా ఆదా చేస్తుంది.

ఐదేళ్ల తర్వాత

ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోల్ బండి లీటరుకు 12 ఇస్తే వెయ్యి లీటర్లు, 103 రూపాయల చొప్పున లక్షా 3 వేలు. ఈవీ యూనిట్‌కు 6 కిలోమీటర్లు వెళ్తే, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 2,200 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 7 రూపాయలు పడితే 15,400. ఏటా 87 వేలకు పైగా మిగులు, ఐదేళ్లకు దాదాపు 4 లక్షల 40 వేలు. లైఫ్ టైమ్ ట్యాక్స్‌లో మిగిలిన 3 లక్షల 92 వేలు కలిపితే 8 లక్షల 30 వేల దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఐదేళ్ల తర్వాత ఈవీకి పెట్రోల్ బండి కన్నా 8 లక్షలు తక్కువ పలికితే, లెక్క అక్కడికక్కడ సరిపోయింది. 49 లక్షల బండికి అది 16, 17 శాతం తేడా. ఖరీదైన ఈవీల్లో అంత తేడా రావడం అసాధ్యమేమీ కాదు. ఏటా కొత్త బ్యాటరీ, ఎక్కువ రేంజి ఉన్న బండి అదే ధరకు వస్తుంటే పాతదాన్ని ఎవరు ఎక్కువకు కొంటారు? పాత బండి కొనేవాడికి ఈ 5 శాతం ఆకర్షణ కూడా లేదు. డీలర్లు అమ్మే పాత ఈవీల మీద వాళ్ల లాభానికి జీఎస్టీని 12 నుంచి 18 శాతానికి పెంచాలని 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. అందుకే కొనేటప్పుడే బైబ్యాక్ హామీ (కంపెనీయే బండిని తిరిగి కొంటుందన్న మాట) ఉందా, ఎన్నేళ్లకు ఎంత అని అడిగి కాగితం మీద తీసుకోండి. ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటామనేవాళ్లకు మాత్రం ఈవీ మిగులు పెరుగుతూ పోతుంది. మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్లు పెట్రోల్‌తోనో, ఈవీ లీజ్‌తోనో ఉండటం మంచిది.

ఏడాదికి 5 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లకు ఇంధనంలో ఐదేళ్లకు మిగిలేది లక్షా 80 వేలే. బయట ఫాస్ట్ చార్జర్ మీదే ఆధారపడితే, యూనిట్ 20 రూపాయలు అనుకున్నా 12 వేల కిలోమీటర్లకు ఖర్చు 44 వేలు అవుతుంది. పబ్లిక్ చార్జర్ల సంఖ్యలో కర్ణాటక దేశంలోనే ముందుంది, అవి ఎక్కువగా మన నగరంలోనే ఉన్నాయి. అయినా రాత్రి ఇంటి కింద ప్లగ్ పెట్టి పడుకోవడానికీ, మారతహళ్లిలో లైన్లో నిలబడటానికీ పోలిక లేదు.

ఇంతదాకా వచ్చాక బావను ఒకటే అడిగాను. "మీ అపార్ట్‌మెంట్‌లో చార్జర్ పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకుందా?"

ఆయన అడగలేదు. రెండు కొటేషన్లు, మూడు టెస్ట్ డ్రైవ్‌లు, ఆడిటర్‌తో రెండు ఫోన్లు అయ్యాయి కానీ కింద బేస్‌మెంట్‌లో తన పార్కింగ్ దాకా కరెంటు వైరు వస్తుందా అన్నది ఎవరినీ అడగలేదు. అక్క వెంటనే అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేసింది. దరఖాస్తు రాసివ్వాలి, సొంత మీటరు నుంచి లైను లాగించుకోవాలి, మీటింగ్‌లో పెట్టి చెప్తామన్నారు.

బావ ఎలక్ట్రిక్ బండి కొటేషన్ మడిచి జేబులో పెట్టుకుని, ఆ దరఖాస్తు రాయడానికి తెల్ల కాగితం అడిగాడు. ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా బుకింగ్ అమౌంట్ కట్టొద్దని నేనే చెప్పాను.